గడప ముందు నిలబడ్డ ఏజెంటు ఎవరి మనిషి?

మార్చి నెల. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కల్లాలన్నీ ఎర్రగా ఉంటాయి. ఒకవైపు మిరప కోతలు. ఇంకోవైపు గుంటూరు యార్డుకు గోతాలు ఎత్తడం. ఇంట్లో నాలుగు డబ్బులు కనపడే రోజులు ఇవే. అప్పులవాళ్లు ఈ రోజుల్లోనే వస్తారు. పాలసీలు అమ్మేవాళ్లూ ఈ రోజుల్లోనే వస్తారు.

ఒకతను మోటారు సైకిలు ఆపి గడప ముందు నిలబడతాడు.

"అక్కా, బావ లేడా?"

"లేడు తమ్ముడూ. యార్డుకు పోయాడు. ఏంది పని?"

"మంచి పాలసీ వచ్చిందక్కా. ఏడాదికి పది వేలు కడితే చాలు. పిల్ల పెళ్లికి అందుతుంది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

కొత్తగా సంతకం నేర్చిన చెయ్యి. పెట్టాలనే ఉంటుంది. కానీ పెట్టే ముందు ఒక మాట అడగాలి. "తమ్ముడూ, నువ్వు ఒక్క కంపెనీ పాలసీలే అమ్ముతావా, నాలుగు కంపెనీలవి అమ్ముతావా?"

ఈ మాట ఎందుకు అడగాలి? పురుగుమందుల కొట్టు సంగతి తలుచుకుంటే తెలుస్తుంది. ఒక కొట్లో ఒకే కంపెనీ మందు ఉంటుంది. మిరపకు ముడత వచ్చిందని పోయినా, పత్తికి పురుగు పట్టిందని పోయినా, కొట్టతను తన అరలో ఉన్న డబ్బానే తీసి ఇస్తాడు. పక్క కొట్లో ఇంతకన్నా మంచి మందు ఉన్నా అతను చెప్పడు. ఇంకో కొట్లో పది కంపెనీల మందులు ఉంటాయి. అక్కడ ధర పోల్చుకోవచ్చు. కానీ ఆ కొట్టతను కూడా తనకు ఎక్కువ మిగిలే డబ్బానే ముందుకు తోయవచ్చు. పత్తి పండించిన ఇంట్లో ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

బీమా అమ్మకం కూడా అట్లాంటిదే.

మన వైపు బీమా కొత్తదేం కాదు. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1925లోనే ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. ఆ రోజుల్లో దేశంలో ఇట్లాంటి ప్రైవేటు కంపెనీలు చాలా ఉండేవి. 1956లో కేంద్ర ప్రభుత్వం 245 కంపెనీలను, సంఘాలను కలిపి ఒకే సంస్థ చేసింది. అదే జీవిత బీమా సంస్థ, అంటే ఎల్‌ఐసీ. తర్వాత 2000 సంవత్సరం దాకా పల్లెలో జీవిత బీమా అంటే దాదాపు అదొక్కటే. అందుకే పెద్దవాళ్లు ఇప్పటికీ బీమా అమ్మే ప్రతివాణ్నీ 'ఎల్‌ఐసీ ఏజెంటు' అంటారు. ఇప్పుడు అట్లా అనుకుంటే పొరపాటు. ప్రైవేటు కంపెనీలు మళ్లీ వచ్చాయి. అతను ఏ కంపెనీ ఏజెంటో అతని కార్డు మీద చదవాలి. చదువు వచ్చింది కదా, కార్డు చేతికి తీసుకుని చదవాలి. అడిగితే చూపించడం అతని విధి.

ఏజెంటు అనే అతను కంపెనీ మనిషి. జీవిత బీమాలో ఒకే కంపెనీకి అతను పని చేయాలి. బండికి, ఇంటికి చేసే సాధారణ బీమాలో ఇంకొక కంపెనీకి, ఆరోగ్య బీమాలో మరొక కంపెనీకి పని చేయవచ్చు. జీవిత బీమాలో మాత్రం రెండో కంపెనీని నియమాలు ఒప్పవు. కాబట్టి ఏజెంటు కార్డు జేబులో పెట్టుకుని "అన్ని కంపెనీల జీవిత బీమాలూ చూశానక్కా, ఇదే మేలు" అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకూడదు. అతని అర ఒకటే.

రెండో రకం బ్రోకరు. ఈ మాట మన వైపు మంచి మాట కాదు. బ్రోకరు అంటే దళారీ. దళారీ అంటే తూకంలో, రేటులో నష్టపోయిన రోజులు గుర్తుకొస్తాయి. కానీ బీమా చట్టంలో ఈ మాటకు అర్థం వేరు. 2002లో మన దేశంలో బీమా బ్రోకర్లకు నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఏజెంటు కంపెనీ తరఫు మనిషి, బ్రోకరు కొనేవాళ్ల తరఫు మనిషి. బ్రోకరు చాలా కంపెనీల పాలసీలు చూపించాలి. కొనేవాళ్ల అవసరం కనుక్కుని సలహా చెప్పాలి. నష్టం జరిగినప్పుడు సొమ్ము రాబట్టడానికి సాయం చేయాలి. బ్రోకరుకు లైసెన్సు ఇచ్చేది బీమా నియంత్రణ సంస్థ. దాని పెద్ద ఆఫీసు హైదరాబాదులో ఉంది.

అయితే బ్రోకరు కూడా జీతం తీసుకునేది కొనేవాళ్ల దగ్గర కాదు. అతనికీ కంపెనీయే కమీషన్ ఇస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా ఇస్తుంది. అందుకే నాలుగు పాలసీలు చూపించాడంటే సరిపోదు. "వీటిలో ఇదే ఎందుకు చెబుతున్నావు?" అని అడగాలి.

మూడో రకం బ్యాంకు. పంట రుణానికి పోయినప్పుడు అక్కడ కూడా పాలసీ అమ్ముతారు. ఒక బ్యాంకు మొదట్లో ఒక్క జీవిత బీమా కంపెనీ పాలసీలే అమ్మేది. 2015లో మూడు కంపెనీల దాకా, 2022లో తొమ్మిది కంపెనీల దాకా అమ్మవచ్చని నియమం మార్చారు. అరలు పెరిగాయి కానీ కౌంటరు దగ్గర చూపించేది ఎక్కువగా ఒక్కటే. పాలసీ తీసుకుంటేనే రుణం ఇస్తామని అనే అధికారం మాత్రం బ్యాంకుకు లేదు.

మరి ఎవరి దగ్గర తీసుకోవాలి? బ్రోకరే మేలని తేల్చేయడానికి లేదు. బ్రోకరు ఆఫీసు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉంటుంది. పల్లెలో కనపడేది అతని తరఫున బండ్ల బీమా రాసే కుర్రవాడు. ఇంట్లో చావు జరిగిన రోజున గుమ్మంలోకి వచ్చి, ఏ కాగితం కావాలో చెప్పి, ఫారం నింపి, బ్రాంచి ఆఫీసుకు తోడు వచ్చేది మాత్రం చాలాచోట్ల ఆ ఊరి ఏజెంటే. పాతికేళ్లుగా ఒకే కంపెనీకి పని చేసిన ఏజెంటుకు ఆ ఆఫీసులో ఏ బల్ల దగ్గరికి పోవాలో తెలుసు. ఆ సాయం చిన్నది కాదు. జీవిత బీమాకు ఊళ్లో పేరున్న ఏజెంటు, బండికీ ఆరోగ్యానికీ నాలుగు కంపెనీల రేట్లు చూపించేవాళ్లు, ఇట్లా చూసుకోవడం తెలివైన పని.

2024 డిసెంబరులో ఎల్‌ఐసీ 'బీమా సఖి' పథకం మొదలుపెట్టింది. పదో తరగతి చదివిన ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఏజెంట్లను చేస్తారు. అనుకున్నన్ని పాలసీలు చేస్తే మొదటి ఏడు నెలకు 7,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000 రూపాయలు ఇస్తారు. ఆడవాళ్లకు ఇది మంచి పనే. కానీ ఆమె మన పొదుపు గ్రూపు మనిషే కావచ్చు, పిన్ని కూతురే కావచ్చు. అప్పుడు ప్రశ్న అడగడానికి మొహమాటం వస్తుంది. చుట్టరికం చుట్టరికమే. ఆమె అర కూడా ఒకటే.

కమీషన్ లెక్క కూడా తెలియాలి. పాత చట్టంలో జీవిత బీమాకు గరిష్ఠ హద్దు ఇట్లా ఉండేది: మొదటి ఏడు నూటికి 35, రెండు మూడు ఏళ్లు నూటికి ఏడున్నర, తర్వాత నూటికి 5. పది వేల పాలసీ అనుకుందాం. మొదటి ఏడు 3,500 దాకా, రెండో ఏడు 750 దాకా, నాలుగో ఏడు 500 దాకా ఏజెంటుకు రావచ్చు. ఆ హద్దులు తర్వాత మారాయి. అయినా మొదటి ఏడు ఎక్కువ రావడం మారలేదు. పాత పాలసీ ఆపి కొత్తది తీసుకోమని ఎవరైనా చెబితే ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి.

కట్టే సొమ్ము పెద్దదైతే కమీషన్ పెద్దది. అందుకే చిన్న సొమ్ముతో దొరికే బీమా గురించి ఎక్కువమంది చెప్పరు. 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు. మనిషి పోతే ఇంటికి రెండు లక్షలు వస్తాయి. 18 ఏళ్ల నుంచి 50 ఏళ్ల లోపు చేరవచ్చు. ప్రమాద బీమా అయిన సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే. బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ ఖాతా ఉంటే చాలు, ఏజెంటు అక్కర్లేదు. మే నెలాఖరుకు ఆ ఖాతాలో డబ్బు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఆ ఏడాది బీమా ఆగిపోతుంది. పెళ్లికి అందే పాలసీలో ఏటా పది వేలు కట్టలేక మధ్యలో ఆపేసిన ఇళ్లు ఎన్నో. పంట పోయిన ఏడు కూడా కట్టగలమా అని ముందే ఆలోచించాలి.

ఇక డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. దీని మీద సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 1986లో ఒకాయన ఎల్‌ఐసీలో నాలుగు పాలసీలు తీసుకున్నాడు. 1987 మార్చిలో కట్టాల్సిన సొమ్ము గడువులోగా కట్టలేదు. జూన్‌లో ఏజెంటు వచ్చి చెక్కు తీసుకుపోయాడు. ఇంట్లోవాళ్లు కట్టేశామనే అనుకున్నారు. ఆగస్టు 9న ఆయన ప్రమాదంలో చనిపోయాడు. ఏజెంటు ఆ డబ్బు ఆఫీసులో కట్టింది మర్నాడు, ఆగస్టు 10న. పాలసీలు అప్పటికే రద్దయ్యాయని సంస్థ సొమ్ము ఇవ్వలేదు. కేసు పదేళ్లు నడిచింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదు, అతని చేతిలో పెట్టిన డబ్బు సంస్థకు కట్టినట్టు కాదు అని. పాలసీ అమ్మినప్పుడు అతను కంపెనీ మనిషే. డబ్బు తీసుకున్నప్పుడు మాత్రం కాదు!

ఈ రోజుల్లో కొందరు ఏజెంట్లకు కంపెనీయే వసూలు అధికారం ఇస్తోంది. వాళ్లు కంపెనీ పేరున్న రసీదు ఇస్తారు. తెల్లకాగితం మీద రాసిచ్చింది రసీదు కాదు. బ్యాంకు నుంచి గానీ, ఫోను నుంచి గానీ, ఆఫీసు కౌంటరులో గానీ కట్టి, రసీదు మీద పాలసీ నంబరు, తేదీ, సొమ్ము చదివి చూసుకోవాలి.

ఫారం కూడా చదవాలి. చాలాసార్లు ఫారం ఏజెంటే నింపుతాడు. షుగరు, బీపీ ఉన్నా "లేదు" అని రాస్తాడు, పని తొందరగా అవుతుందని. తర్వాత సొమ్ము రానిది అతనికి కాదు, ఇంటికి. ఫారం ఇంగ్లీషులో ఉండి సంతకం తెలుగులో చేస్తే, కింద ఇంకొక వాక్యం ఉంటుంది. ఫారంలోని విషయాలు ఈమెకు తెలిసే భాషలో వివరించానని ఇంకొకరు సంతకం చేసే చోటు అది. వివరించకుండా అక్కడ ఎవరి సంతకమూ పెట్టనివ్వకూడదు. నామినీ పేరు ఆధార్ కార్డులో ఎట్లా ఉందో అట్లాగే రాయించాలి.

పాలసీ కాగితం చేతికి వచ్చాక చదివి చూస్తే, చెప్పింది ఒకటి, ఉన్నది ఇంకొకటి కావచ్చు. అప్పుడు 30 రోజుల లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని కట్టిన సొమ్ము తిరిగి ఇస్తారు. కవరు ఏ రోజు అందిందో దాని మీదే రాసి పెట్టుకోవాలి.

ఏజెంటు మీద గానీ, బ్రోకరు మీద గానీ, కంపెనీ మీద గానీ ఫిర్యాదు ఉంటే ముందు కంపెనీకి రాతలో ఇవ్వాలి. నకలు దాచుకోవాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, ఏడాది లోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. బీమా నియంత్రణ సంస్థకు ఫోను చేయాలంటే నంబరు 155255. పాలసీ కాగితం, రసీదులు, ఫిర్యాదు నకలు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడ ఉందో నామినీకి చెప్పి ఉంచాలి.