ఇంజను మిస్సింగు కొట్టడం ఎందుకు?

సికింద్రాబాదులో మోటారు విడిభాగాల వ్యాపారానికి రాణీగంజ్ పేరు పొందింది. పాత అంబాసిడరునో, ప్రీమియర్ పద్మినినో ముచ్చటగా కాపాడుకుంటున్న వారికి ఆ పేట దారి బాగా తెలిసే ఉంటుంది. ఐతే బండి “మిస్సింగు కొడుతోంది”, “పికప్ లేదు” అని తోచగానే ముందు ప్లగ్గులు, తరువాత కాయిలు, ఆ తరువాత కార్బురేటరు మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది గాని జబ్బు తెలియదు. రోగమేమిటో చూడకుండా మందులు మార్చి మార్చి ఇవ్వడం ఎట్టిదో ఇదీ అట్టిదే. ఇంజనులోని లోపాన్ని కనుగొనడం అదృష్టం మీద ఆధారపడిన పని కాదు. ప్రయోగశాలలో విద్యార్థి అనుసరించే పద్ధతే ఇక్కడ కూడా దారి చూపుతుంది.

1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు అంబాసిడరులో గాని, 1089 ఘన సెంటీమీటర్ల పద్మినిలో గాని సిలిండర్లు నాలుగు. ప్రతి సిలిండరులోనూ పిస్టను నాలుగు పనులు వరుసగా చేస్తుంది: గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని పీల్చడం, దానిని అణచడం, అది మండినప్పుడు ఆ ఒత్తిడికి కిందికి దిగి శక్తినివ్వడం, కాలిన వాయువులను బయటకు నెట్టడం. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 1500 సార్లు, అనగా సెకనుకు 25 సార్లు మిశ్రమం మండాలి. నాలుగింటికీ కలిపి సెకనుకు 100 నిప్పురవ్వలు కావాలి. వీటిలో కొన్ని తప్పిపోవడమే మిస్సింగు.

ఒక సిలిండరు పూర్తిగా పనిచేయకపోతే పోయే శక్తి నాలుగో వంతు కంటె ఎక్కువే. ఏలనంటే, శక్తి నివ్వని ఆ పిస్టను ఘర్షణను కూడా మిగిలిన మూడే భరించాలి. నష్టం అంతటితో ఆగదు. మండని పెట్రోలు సైలెన్సరు గుండా వెళ్లి గాలిని కలుషితం చేస్తుంది. కొంత పెట్రోలు సిలిండరు గోడలపై ఉండే చమురు పొరను కడిగివేస్తుంది. అందువల్ల గోడలు, రింగులు త్వరగా అరుగుతాయి. ఇట్లా చిన్న లోపం పెద్ద ఖర్చుకు దారితీస్తుంది.

సిలిండరు సరిగా మండడానికి కావలసినవి మూడు: తగిన పాళ్లలో కలిసిన మిశ్రమం, చాలినంత సంపీడనం, సరియైన క్షణంలో బలమైన నిప్పురవ్వ. మిస్సింగుకు కారణం ఈ మూడింటిలో ఏదో ఒకదాని లోపమే. కావున పరీక్ష అంటే, నిర్దోషులను ఒక్కొక్కరినే పక్కకు తప్పించడం.

మొదట వినాలి. చప్పుడు లయ తప్పకుండా ఒకే చోట తడబడుతుంటే లోపం ఒక సిలిండరులో ఉండవచ్చు. ఒకసారి తడబడి, మరొకసారి తడబడక ఉంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న పెట్రోలు సరఫరానో, విద్యుత్ వలయాన్నో అనుమానించాలి. లోపం ఒకే సిలిండరుదని తోస్తే, మెకానిక్ ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగను తీసి, దానిని ఇంజను లోహానికి తగిలేటట్లు అమర్చి తిరిగి స్టార్టు చేస్తాడు. ఇంజను వేగం పడిపోతే ఆ సిలిండరు అంతవరకు పనిచేస్తున్నట్లే. ఏ మార్పూ రాకపోతే దొంగ దొరికినట్లే.

ఇప్పుడు ఆ సిలిండరు ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి చూడాలి. లోపం ప్లగ్గుతోపాటు పక్కకు వెళితే తప్పు ప్లగ్గుది. అక్కడే నిలిచిపోతే ప్లగ్గు నిర్దోషి. పైసా ఖర్చులేని ఈ పరీక్షలో గొప్ప నియమం ఒకటి ఉన్నది: ఒకసారికి ఒక్కదానినే మార్చాలి. ప్లగ్గు, తీగ, కాయిలు అన్నీ ఒకేసారి మార్చితే బండి బాగుపడవచ్చు గాని, దేనివల్ల బాగుపడిందో ఎన్నటికీ తెలియదు.

తీసిన ప్లగ్గు కొనను పరిశీలించడం కూడ అవసరం. లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి పట్టితే పెట్రోలు పాలు హెచ్చు. నూనె తడి ఉంటే చమురు లోనికి దిగుతున్నది. తెల్లగా కాలితే పెట్రోలు పాలు తగ్గిందనో, వేడి మితిమీరిందనో గ్రహించాలి.

నిప్పురవ్వ సంగతి చూద్దాం. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి ఆధారం. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడిపోగానే కాయిలులో ప్రవాహం ఆగి, 12 వోల్టుల బ్యాటరీ నుంచే వేలాది వోల్టులు పుట్టుతాయి. పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. అవి అరిగినా, కండెన్సరు చెడినా రవ్వ బలహీనమవుతుంది. బయటి గాలిలో రవ్వ కనబడినంత మాత్రాన చాలదు. వాయువును ఎంతగా అణచితే దానిలో రవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. బల్లపరుపు రోడ్డు మీద బాగా నడిచిన బండి ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు తడబడడానికి ఇది ఒక ముఖ్య కారణం. అక్కడ థ్రాటిలు ఎక్కువగా తెరుచుకొని సిలిండరు నిండుతుంది. లోపలి ఒత్తిడి పెరుగుతుంది.

రవ్వ బాగుంటే సంపీడనం కొలవాలి. కాయిలుకు వెళ్లే తీగ తీసివేసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కొక్క రంధ్రం వద్ద పీడనమాపకం పెట్టి స్టార్టరుతో తిప్పుతారు. ఒక సిలిండరులో కొలత తక్కువగా ఉంటే, దానిలో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. కొలత పెరిగితే రింగులు అరిగినట్లు. ఏలనంటే నూనె ఆ సందును తాత్కాలికంగా మూసింది. పెరగకపోతే అనుమానం కవాటాల మీదికి, హెడ్ గ్యాస్కెట్టు మీదికి పోతుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ బలహీనమైతే వాటి నడుమ గ్యాస్కెట్టు కాలి ఉండవచ్చు.

మిగిలింది మిశ్రమం. ఒక పాలు పెట్రోలు మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాలుకు 9 పాళ్లు చాలు. 2023లో మొదలై 2025 నాటికి దేశమంతటా వ్యాపించిన పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉన్నది. పాత పెట్రోలుకు అమర్చిన కార్బురేటరులో ఈ కొత్త ఇంధనం పాలు కొంత తక్కువవుతుంది; పాత రబ్బరు గొట్టాలు కూడ దెబ్బతినవచ్చు. వేసవిలో మరొక చిక్కు: పంపులోనో గొట్టంలోనో పెట్రోలు మరిగి బుడగలు కట్టి ప్రవాహం ఆగుతుంది. పంపు మీద తడిగుడ్డ వేస్తే బండి కదలడం డ్రైవర్లెరిగిన ఉపాయం. ఐతే వేడెక్కి పనిమానిన కాయిలు కూడ చల్లారితే కోలుకుంటుంది. కనుక బండి ఆగిన వెంటనే రవ్వ ఉన్నదో లేదో చూస్తేనే ఈ రెండింటికీ తేడా తెలుస్తుంది.

శక్తి తగ్గిన ప్రతిసారీ ఇంజనులో జబ్బే ఉండనక్కరలేదు. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న సికింద్రాబాదులో గాలి సాంద్రత విశాఖపట్నం కంటె ఇంచుమించు 5 శాతం తక్కువ. ఆ మేరకు శక్తీ తగ్గుతుంది. ఇంజను జోరుగా తిరుగుతున్నా బండి ముందుకు సాగకపోతే క్లచ్చు జారుతూ ఉండవచ్చు.

ఈ పరీక్షలను విద్యార్థులు స్వయంగా చేయరాదు. ప్లగ్గు తీగలో వేలాది వోల్టులు, చుట్టూ పెట్రోలు ఆవిరి ఉంటాయి. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్ పనిచేస్తుండగా ఉపాధ్యాయుని వెంట చూడడం మేలు.

కంప్యూటరు గల కార్లలో ఇరుసు వేగం క్షణకాలం తగ్గడాన్ని గమనించి యంత్రమే తప్పును నమోదు చేస్తుంది. పి 0302 అనే సంకేతానికి రెండవ సిలిండరు తడబడుతున్నదని అర్థం. ఐతే అది చోటును చెప్పుతుంది గాని కారణాన్ని చెప్పదు. ప్లగ్గా, కవాటమా, ఇంధనమా అని తేల్చడానికి అక్కడ కూడ ఒక్కొక్కటిగా పరీక్షించి చూడవలసిందే.