'శాంతికాలం' అన్న మాట దగ్గరే తిరకాసు

అశోక చక్ర గురించి వార్త వచ్చిన ప్రతిసారీ దాని పక్కన ఒక ముక్క తప్పకుండా ఉంటుంది: 'శాంతికాలంలో ఇచ్చే అత్యున్నత శౌర్య పురస్కారం'. అది చదివి చాలామంది, ఓహో, అసలుది పరమవీర చక్ర, ఇది దాని కింది బహుమతి కాబోలు అనుకుని పేజీ తిప్పేస్తారు. ఉప్పల్ స్టేడియంలో ఆఖరి ఓవర్లో రెండు సిక్సర్లు బాదినవాణ్ణి 'యోధుడు' అని రాయడానికి మనకు చేతులు వస్తాయి. అడవిలో తూటాలకు ఎదురు నిలిచినవాడి పతకం దగ్గరికొచ్చేసరికి మాత్రం శాంతి గుర్తుకొస్తుంది. ఉప్పల్ మీదుగా వరంగల్ వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. ఈ కొసన, ఉప్పల్లో, నాచారం ఫ్యాక్టరీల దగ్గర, ఉన్నది శాంతికాలమే, కాదనను. 2013 ఏప్రిల్‌లో ఆ కొసనున్న బస్తర్ అడవుల్లో ఏ కాలం నడిచిందో చూస్తే ఈ మాట ఎంత పొట్టిదో తెలుస్తుంది.

కరణం లీలా వెంకట శ్రీనివాస ప్రసాద్ బాబు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ గ్రేహౌండ్స్‌లో ఎస్సై. మావోయిస్టులను అడవిలోనే ఎదుర్కోవడానికి 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ తీర్చిదిద్దిన దళం అది. 2013 ఏప్రిల్ 16న సుక్మా జిల్లా పువ్వర్తి దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో తొమ్మిది మంది మావోయిస్టులు చనిపోయారు. కథ అక్కడితో ఆగి ఉంటే అది ఎన్‌కౌంటర్ల పద్దులో ఇంకో లెక్కగా మిగిలిపోయేది. బలగాలు వెనక్కి మళ్లే దశలో మావోయిస్టులు పెద్ద సంఖ్యలో చుట్టుముట్టారు. కాల్పులను తనవైపు తిప్పుకుని, తోటివాళ్లు బయటపడేందుకు వ్యవధి ఇచ్చి, ప్రసాద్ బాబు అక్కడే ప్రాణం విడిచాడు. అతనికిచ్చిన అశోక చక్ర బరువంతా ఈ రెండో ఘట్టంలోనే ఉంది.

అడవిలోకి వెళ్లడం కంటే తిరిగి రావడమే కష్టమని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. వెళ్లేటప్పుడు ఎటు వెళ్తున్నారో ఎదుటివాడికి తెలియదు. కాల్పులు జరిగాక ఎక్కడున్నారో చుట్టుపక్కల అడవంతటికీ తెలిసిపోతుంది. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ మీద దెబ్బ పడింది కూడా పడవలో తిరిగి వస్తున్నప్పుడే. ఇక తప్పుకోవడంలో ఒక పాడు లెక్క ఉంది. ముప్పై మంది ఉన్నారనీ, పదేసి మంది చొప్పున బయటపడాలనీ అనుకుందాం. మొదటి పది మందికి ఇరవై తుపాకులు కాపు. రెండో పది మందికి పదే. ఆఖరి జట్టుకు? కాపలా కాసేవాడంటూ ఎవడూ మిగలడు. నడిచి వచ్చినా హెలికాప్టర్‌లో వచ్చినా ఈ లెక్క మారదు, ఎవరో ఒకరు ఆఖరివాళ్లు కావాల్సిందే. ఆ ఆఖరి స్థానంలో నిలబడటం ఒక నిర్ణయం. మన దగ్గర ఇలాంటి చావు వార్త వినగానే 'నుదుట రాసిపెట్టి ఉంది' అనేస్తారు, పుట్టిన నక్షత్రం తిరగేసేవాళ్లూ ఉంటారు. అంతా నుదుటి రాతే అయితే ఆ మనిషి చేసిందేముంది? పతకం బ్రహ్మకివ్వాలి!

ఇప్పుడు 'శాంతికాలం' సంగతి. అశోక చక్ర నిబంధనలో ఉన్న అసలు షరతు 'శత్రువుకు ఎదురుగా కాక' చూపిన సాహసం అని. తేడా ప్రమాదంలో లేదు, ఎదురుగా ఉన్నది ఎవరన్న దాంట్లో ఉంది. ఉప్పల్ మెట్రో స్టేషన్లో నాగోలు వైపు ప్లాట్‌ఫారం ఒకటి, రాయదుర్గం వైపుది ఒకటి. రెంటి ఎత్తూ ఒకటే, ఎక్కే మెట్లూ అన్నే, బండి వెళ్లే దిక్కే వేరు. పరమవీర చక్ర, అశోక చక్ర అలాంటివే. ఒక ప్లాట్‌ఫారం మీదికి సాయుధ దళాలవాళ్లనే రానిస్తారు, రెండోదాని మీద పోలీసూ నిలబడొచ్చు, విమానంలో ప్రయాణికులను కాపాడి బలైన నీరజా భనోత్ కూడా నిలబడొచ్చు. పార్లమెంటు మీద దాడిలో నేలకొరిగిన సీఆర్పీఎఫ్ కానిస్టేబుల్ కమలేశ్ కుమారి కూడా ఈ వైపే. పతకాలు ధరించే వరుసలో భారతరత్న తర్వాత పరమవీర చక్ర, దాని వెంటనే అశోక చక్ర, పద్మవిభూషణ్ ఆ తర్వాతే. అంటే నా ప్లాట్‌ఫారాల మధ్య ఒక అంగుళం ఎత్తు తేడా ఉందని ఒప్పుకోవాలి. కింది బహుమతి అనేంత తేడా మాత్రం కాదు.

యుద్ధం ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి అనే సులువైన లెక్క కూడా నిలవదు. సూర్యాపేటవాడైన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో చనిపోయారు. ఏ యుద్ధమూ ప్రకటించలేదు, అయినా ఆయనకిచ్చినది యుద్ధ పతకాల వరుసలోని మహావీర చక్ర, ఎందుకంటే ఎదురుగా ఉన్నది చైనా సైన్యం. మరి తిరుగుబాటుదారులతో పోరాడితే అశోక చక్రే అనుకుందామా అంటే, శ్రీలంకలో ఎల్టీటీఈతో పోరాడి 1987 నవంబరులో మరణించిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీర చక్ర ఇచ్చారు. 1950 నాటి సైనిక చట్టమైతే సాయుధ తిరుగుబాటుదారులను కూడా శత్రువు అనే నిర్వచనంలోకే చేర్చింది. కానీ ఆ నిర్వచనం సైనిక క్రమశిక్షణ కోసం రాసుకున్నది. ప్రసాద్ బాబు సైనికుడు కాడు, పోలీసు. పోలీసు ముందున్న సాయుధుడు చట్టం దృష్టిలో నిందితుడు, ఈ దేశ పౌరుడు. తన పౌరుణ్ణి శత్రువు అని రాసుకోవడానికి రాజ్యం వెనకాడటమే మంచిదని నా అభిప్రాయం. అలా వెనకాడటానికి 'శాంతికాలం' అని మనం పెట్టుకున్న పేరే బాగాలేదు.

పౌరులే అయినప్పుడు తొమ్మిది మంది చావును సత్కరించడమేమిటని హక్కుల కార్యకర్తలు అడగవచ్చు. తెలుగునాట ఎన్‌కౌంటర్ల చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఆ ప్రశ్నను కొట్టిపారేయలేరు. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే శౌర్య పతకాలు ఇవ్వకూడదని, సాహసం నిస్సందేహంగా రుజువైతేనే సిఫారసు చేయాలని చెప్పింది. అయితే తోటివాళ్లను బతికించడానికి వెనక నిలబడటం చంపినవాళ్ల సంఖ్యతో కొలిచే పని కాదు. పువ్వర్తిలో ఆ రోజు ఒక్కరూ చావకపోయినా దాని విలువ అంతే ఉండేది.

2014 జనవరి 26న ఢిల్లీ రాజ్‌పథ్‌లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ నుంచి ఆ పతకం అందుకున్నది ప్రసాద్ బాబు తండ్రి. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, నడుమ అశోకుడి చక్రం, చుట్టూ తామరల దండ. ముదురాకుపచ్చ రిబ్బను, దాన్ని సగానికి చీలుస్తూ సన్నటి కాషాయపు గీత.