ఈటెచాగ పెంపకము



చాగనారను మీలో పలువు రెఱుగుదురు. కొండలచెంతను, రాళ్లసందులను బెరుగు చాగమొక్క యాకులనుండి దీసిన నారతో పూర్వులు వింటినారి పేనెడివారు. సంస్కృతమున దానికి మూర్వ యని పేరు. వింటినారికి మౌర్వి యను మాట దానినుండియే పుట్టినది. ఆ చాగకు జ్ఞాతియైన మొక్క యొకటి ఆఫ్రికాఖండమందలి అంగోలా దేశమునుండి బయలుదేరి, నేడు మన పట్టణములలోని మొక్కల అంగళ్లకును, అచ్చటినుండి యిండ్ల వసారాలకును వచ్చుచున్నది.

దీని యాకులు మన చాగయాకులవంటివి కావు. మునగకాడలవలె గుండ్రముగా నుండి, కొన దేలి, ఈటెలవలె నిటారుగా నిలుచును. శాస్త్రజ్ఞులు దీనిని తొలుత సాన్సవీరియా సిలిండ్రికా యనిరి. ఇటీవల డ్రసీనా ప్రజాతియందు జేర్చి డ్రసీనా అంగోలెన్సిస్ అనుచున్నారు. మనము ఈటెచాగ యందము.

ఈ మొక్క తఱచుగా అతిశ్రద్ధచేతనే చచ్చును. తులసికి బోసినట్లు దీనికిని ప్రతిదినము చెంబెడు నీరు పోయుదురు. కొన్ని వారములకు ఆకుమొదలు పసుపెక్కి మెత్తబడును. నీరు చాలలేదని తలచి మరికొంత పోయుదురు. అంతట ఆకు చేతి కూడి వచ్చును.

కారణము వినుడు. ఇది ఎండదేశపు మొక్క యగుటచే ఆకులయందును దుంపయందును నీటిని దాచుకొనును. చాల చెట్లు పగటివేళ ఆకుల సూక్ష్మరంధ్రములను దెఱచియుంచును. ఇది వానిని బగలు మూసి రాత్రివేళ దెఱచును. అందుచే దీని నీరు ఆవిరియై పోవుట మిక్కిలి తక్కువ. వాడని నీరు తొట్టిలో నిలిచినచో, వేళ్లకు గాలి యందక కుళ్లును.

కావున అడుగున రంధ్రముగల మట్టితొట్టిలో ఎఱ్ఱమన్నును ముతక యిసుకను సమముగా గలిపి, కొంచెము మాగిన పశువులయెరువు చేర్చి నాటుడు. మంటిలో వ్రేలు రెండంగుళములు గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో నీరు పోయవలదు. వేసవిలో రెండు వారముల కొకసారియు, వానకాలమునను చలికాలమునను నెల కొకసారియు జాలును. వెలుతురుగల చోట నుంచుడు. చీకటిగదిలో బ్రతుకును గాని పెరుగదు.

ఆకును జానెడు ముక్కలుగా గోసి, నాలుగు దినములు నీడ నారబెట్టి, ఇసుకలో గ్రుచ్చినచో మెల్లగా వేళ్లు దిగును. కోయునపుడే క్రిందికొనకు గుఱుతు పెట్టుడు. తలక్రిందుగా నాటిన ముక్కకు వేళ్లు రావు.

ఈ జాతిమొక్కలు గదిలోని గాలిని శుద్ధిచేయునని యమ్మువారు చెప్పుదురు. 1989లో అమెరికా అంతరిక్షసంస్థవారు చేసిన పరీక్షలు మూసిన చిన్న పెట్టెలలో జరిగినవి. మన యిండ్లకు అవి వర్తింపవు. కిటికీ తెఱచుటయే మేలు. పాములు దీనిని జూచి పాఱునన్న మాటకును ఆధారము లేదు. ఆకు నమలిన పసిబిడ్డలకును కుక్కలకును వాంతులు కలుగవచ్చును. కొనలు కంటికి దగులవచ్చును. కావున బిడ్డల కందని యెత్తున నుంచుడు.

మీ మనుమడు చెంబుతో నీరు దెచ్చినపుడు, "నాయనా, ముందు మన్ను ముట్టి చూడుము" అని చెప్పుడు. ఈ మొక్క చాలయేండ్లు మీ యింట నిలుచును.