జబ్బు అందరికీ, పన్ను మినహాయింపు కొందరికే

గుడివాడ బస్టాండు దగ్గర ఆటో తోలే తమ్ముడికీ, చెప్పులు కుట్టే పెద్దాయనకూ, ఇంట్లోనే మిషన్ కుట్టుకునే అక్కకూ యజమాని లేడు. అందుకే ఈఎస్ఐ కూడా లేదు. ఈఎస్ఐ పరిధిలోని సంస్థలో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కార్మికుడైతే అతని తరఫున యజమాని 3.25 శాతం కడతాడు. మన దళితవాడల్లో సొంతంగా బతికేవాళ్లు వైద్యం ఖర్చునూ సొంతంగానే మోయాలి.

వీళ్లకేం చేశారని అడిగితే, ‘ఆరోగ్య బీమా కొనుక్కుంటే పన్ను మినహాయింపు ఉందిగా’ అంటారు. అది ఎవరికి అందుతుందో చూద్దాం.

ఆదాయపు పన్ను రాష్ట్రానిది కాదు, కేంద్రానిది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80డి సెక్షన్ ఈ మినహాయింపు ఇచ్చింది. తనకూ, భార్యకు లేదా భర్తకూ, పిల్లలకూ కట్టిన ప్రీమియంలో ఏడాదికి 25,000 వరకు ఆదాయంలోంచి తీసేసి పన్ను లెక్కిస్తారు. తల్లిదండ్రుల పాలసీకి మరో 25,000, వాళ్లకు 60 ఏళ్లు నిండితే 50,000. ప్రీమియం నగదుగా కడితే మినహాయింపు రాదు.

ఇద్దరు చెరో 25,000 ప్రీమియం కట్టారనుకుందాం. పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయం 15 లక్షలున్న వ్యాపారికి 30 శాతం చొప్పున, సెస్సుతో కలిపి 7,800 మిగులుతుంది. ఏడాదికి 2 లక్షలు సంపాదించే ఆటో డ్రైవరుకు పన్నే పడదు కాబట్టి మిగిలేది సున్నా. పైగా ఇది పాత పన్ను విధానం లెక్క. 2023-24 నుంచి, మనం ప్రత్యేకంగా పాతది కోరుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. అందులో ఈ మినహాయింపు లేదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఇది పన్ను కట్టని వాళ్లకూ వర్తిస్తుంది. కానీ ముందు పాలసీ కొనే స్తోమత ఉండాలి కదా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, పేదలకు పెద్ద ఆసరానే. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సలకే. నెలనెలా కొనే బీపీ, షుగర్ మందుల ఖర్చు, మంచాన పడ్డ రోజుల్లో పోయే కూలి అలాగే ఉంటాయి.

దారి లేక కాదు. అసంఘటిత కార్మికులకు ఈఎస్ఐ ప్రయోజనాలు ఇచ్చే పథకం కేంద్రం తేవచ్చని 2020 సామాజిక భద్రతా కోడ్ 45వ సెక్షన్ చెబుతోంది. ‘తేవచ్చు’ అంది, ‘తేవాలి’ అనలేదు. మనం పోరాడాల్సింది ఆ ఒక్క మాట మీద.