ఏ ఆఫీసు సాఫ్ట్‌వేరు మేలు?

ప్రశ్నపత్రములు వ్రాయుటకును, మార్కులు కూడుటకును బడులలో ఆఫీసు సాఫ్ట్‌వేరు అవసరము. మైక్రోసాఫ్ట్ ఆఫీసుకు సాధారణముగా వెల చెల్లింపవలెను. 2010లో ఆరంభమైన లిబ్రే ఆఫీసు ఉచితము. దేనిని ఎన్నుకొనవలెను?

మొదటిదాని ‘డాక్స్’ ఫైలుగాని, రెండవదాని ‘ఓడీటీ’ ఫైలుగాని నిజమునకు ఒక జిప్ మూటయే. పాఠము, శైలులు, బొమ్మలు అందు వేర్వేరుగా నుండును. ఫైలునకు నకలు తీసి, పేరు చివర ‘జిప్’ అని మార్చి తెరచినచో విద్యార్థులు దీనిని స్వయముగా చూడవచ్చును. ఓడీటీ పద్ధతి 2006లోను, డాక్స్ పద్ధతి 2008లోను అంతర్జాతీయ ప్రమాణములైనవి. కావుననే ఒకదాని ఫైలును మరియొకటి చదువగలదు.

అయినను చిక్కులు గలవు. వాడిన ఫాంటు రెండవ కంప్యూటరులో లేనిచో వేరొకటి దాని చోట చేరును. అక్షరముల వెడల్పు మారి, ఒక పుటలో ముగిసిన ప్రశ్నపత్రము రెండవ పుటకు ప్రాకును. తెలుగునకు ఇంకొక చిక్కు గలదు. యూనికోడులో ‘క’కు 3093 అను స్థిరసంఖ్య కలదు. పాత ఫాంటులు పెక్కు ఆంగ్లాక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములను తగిలించినవి. ఆ ఫాంటు లేనిచోట ఏ సాఫ్ట్‌వేరునందైనను అర్థములేని గుర్తులే కనిపించును.

కావున ముందుగా మీ పాత ప్రశ్నపత్రము నొకదానిని, మార్కుల పట్టిక నొకదానిని రెండింటను తెరచి పోల్చి చూడుడు. తేడా లేనిచో ఉచితమైనది చాలును. తెలుగును యూనికోడులోనే వ్రాయుడు. అచ్చునకు పీడీఎఫ్ ప్రతిని పంపి, దిద్దుకొనుటకు మూలప్రతిని దాచుకొనుడు.