నురగ నిలవకపోతే తప్పు చేతిది కాదు

ఇంటికి నలుగురు వస్తున్నారని ఫ్రూట్ సలాడ్ చేస్తారు. పైన వేద్దామని క్రీమ్ గిలకొట్టడం మొదలుపెడతారు. పది నిమిషాలైనా అది జారుగానే ఉంటుంది. ఇంకాస్త గట్టిగా కొడదామనుకునేసరికి వెన్న పూసలు తేలి, అడుగున నీళ్ళు దిగుతాయి. డబ్బు పోయింది సరే, వచ్చినవాళ్ళ ముందు చిన్నతనం! "నా చేతికి కుదరదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు చేతిది కాదండీ, వేడిదీ కొవ్వుదీ.

ముందు రోజూ చూసే కాఫీ నురగ సంగతి చెప్పుకుందాం. గ్లాసులోంచి గిన్నెలోకి ఎత్తి పోసినప్పుడు గాలి లోపలికి దూరి బుడగలవుతుంది. ఉత్త నీళ్ళను అలా పోస్తే బుడగలు వెంటనే చితికిపోతాయి. పాలల్లో నూటికి మూడు పాళ్ళ పైచిలుకు మాంసకృత్తులుంటాయి. అవి బుడగ చుట్టూ చేరి సన్నని పొర కడతాయి. బుడగను నిలబెట్టేది ఆ పొరే. అయినా ఎంతోసేపు ఆగదు. బుడగల మధ్యనున్న పాలు కిందికి జారిపోతుంటాయి, పొర పల్చబడుతుంది, పక్కపక్క బుడగలు కలిసిపోతాయి. చిన్న బుడగలోని గాలి పెద్దదానిలోకి చేరుతుంది. అందుకే మొదట పట్టులా ఉన్న నురగ కాసేపటికి గరుకు తేలుతుంది.

ఇక్కడే కొవ్వు అడ్డు తగులుతుంది. గోరువెచ్చని పాలల్లో కొవ్వు సగం గట్టిగా, సగం కరిగి ఉంటుంది. అది బుడగ మీద పరుచుకుని పొరను తెంపేస్తుంది. అదే పాలు 60 డిగ్రీల దాకా వేడెక్కితే కొవ్వు పూర్తిగా కరిగిపోయి, మాంసకృత్తులకు అంతగా అడ్డు రాదు. చల్లారిన కాఫీని ఎంత ఎత్తునుంచి పోసినా మునుపటి నురగ రాదు, గమనించారా? వెన్న తీసిన పాలకు ఈ బెడద లేదు, చల్లగా ఉన్నా నురగ కడతాయి. గిన్నెకు నూనె జిడ్డు అంటుకుని ఉన్నా నురగ చస్తుంది.

అలాగని నురగ ఎక్కువుంటే మంచిపాలని మురిసిపోకండి. పాలల్లో అంతే నీళ్ళు కలిపి సీసాలో బాగా ఊపి చూడండి. మంచి పాలకు పల్చని నురగ పొర వస్తుంది. సబ్బు నురగలా దట్టంగా లేచి ఎంతకీ దిగకపోతే డిటర్జెంటు కలిసిందేమోనని అనుమానించాలి.

ఇక క్రీమ్. పాల నురగను పాడుచేసిన కొవ్వే ఇక్కడ స్తంభం! బాగా చల్లబడిన కొవ్వు రేణువులు గిలకొట్టేటప్పుడు ఒకదానికొకటి కొంచెం కొంచెంగా అతుక్కుని, బుడగల చుట్టూ దడి కడతాయి. దీనికి క్రీమ్‌లో కొవ్వు 30 శాతమైనా ఉండాలి, 35 అయితే మరీ మంచిది. బజారులో ఫ్రెష్ క్రీమ్ అని అమ్మే డబ్బాలు చాలావాటిలో 20, 25 శాతమే ఉంటుంది. అది కూరలో వేసుకోవడానికి బాగుంటుంది గాని గట్టిగా నిలబడదు. కొనేముందు డబ్బా మీది అంకె చదవండి.

రెండోది చల్లదనం. క్రీమ్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గిన్నె, బీటరు కూడా ఓ అరగంట లోపల పెట్టండి. మన ఎండల్లో ఇదీ చాలదు. గిన్నెను ఐసు ముక్కల పళ్ళెంలో నిలబెట్టి కొట్టాలి. వేడి తగిలితే రేణువులు దడి కట్టకుండా ముద్దగా కలిసిపోతాయి, అదే వెన్న. మన అమ్మలు వేసవిలో మీగడ చిలికేటప్పుడు చన్నీళ్ళు, చలికాలంలో గోరువెచ్చని నీళ్ళు పోసేవారు కదూ? కొవ్వు ఎంత మెత్తగా ఉండాలో వాళ్ళకు చేతి స్పర్శతోనే తెలిసేది. ఢిల్లీ వీధుల్లో పాల నురగతో చేసే దౌలత్ కీ చాట్ చలికాలంలోనే దొరకడానికీ కారణం ఇదే. ఎండకు అది నిలవదు.

పంచదార పొడి మొదటే వేయకండి, నురగ లేవడం ఆలస్యమవుతుంది. క్రీమ్ కాస్త చిక్కబడ్డాక వేస్తే పాకం చిక్కదనానికి నీళ్ళు త్వరగా దిగవు. బీటరు ఎత్తితే కొస వంగి నిలిచినప్పుడు ఆపేయండి. ఇంకొక్క నిమిషం అన్న ఆశే కొంప ముంచుతుంది.

క్రీమ్ దొరకనప్పుడు వెన్న తీసిన పాలపొడి, ఐసునీళ్ళు సమానంగా తీసుకుని గిలకొట్టి, కాస్త నిమ్మరసం పిండి మళ్ళీ కొట్టండి. చక్కగా పొంగుతుంది. కాని ఎక్కువసేపు నిలవదు, వడ్డించే ముందే చేసుకోవాలి.

ఇంత చేసినా వెన్న పడిందా? పంచదార వేయకముందైతే మరో రెండు నిమిషాలు కొట్టి, వెన్న తీసి నెయ్యి కాచుకోండి. వేశాక పడితే రొట్టె ముక్కల మీద రాసి పిల్లలకు పెట్టండి, వద్దనరు.