వనరక్షకుల కుటుంబములు

ఆఫ్రికాఖండమున కాంగో దేశపు తూర్పుసీమయందు విరుంగా యను మహారణ్యము గలదు. 1925వ సంవత్సరమున రక్షితవనముగ నేర్పడిన యీ యడవి కొండగొరిల్లాలకు నివాసము. ప్రపంచమంతటను ఈ జాతి జంతువులు వేయికి కొంచెము మించి మాత్రమే మిగిలియున్నవి.

వీనిని కాచు వనరక్షకులు వేటగాండ్రతోను, చెట్లు నరికి బొగ్గు కాల్చి యమ్ముకొనువారితోను, సాయుధులైన దోపిడిమూకలతోను పోరవలసి వచ్చుచున్నది. ఇంతవరకు 200 మందికి పైగా ప్రాణము లర్పించిరి. 2020 ఏప్రిలు 24వ తేదీ నొక్కనాడే 12 మంది రక్షకులు హతులైరి.

పోయినవారి భార్యాబిడ్డల గతి యేమి? ఇందులకై వనపాలకులు ప్రత్యేకనిధి నొకదానిని నెలకొల్పి, దేశదేశముల దాతలనుండి చందాలు కూర్చుచున్నారు. ఆ ధనము వితంతువుల జీవనమునకును, బిడ్డల పోషణమునకును వినియోగమగుచున్నది. రుమంగాబో యను చోట వీరికై కుట్టుపనిశాల యొకటి వెలసెను. అందు పెక్కుమంది స్త్రీలు సూదిదారములతో స్వయముగ సంపాదించుకొన నేర్చిరి.

మనుష్యులు కష్టపడుచుండగా మృగములకు చందా యేల యని కొంద రందురు. అమ్మలారా, ఈ చందా చేరుచున్నది మనుష్యులకే. తాను పోయినను తనవారు పస్తుండరను ధైర్యము లేనివాడు అడవి నెట్లు కాచును? కావలివాని యింట పొయ్యి యారకుండ జూచినగాని గొరిల్లా బ్రతుకదు.